మూగజీవుల పక్షమున
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



భారతకథ ముగియుచోట ఒక కుక్క కలదు. పాండవులు ద్రౌపదితో గూడ మహాప్రస్థానమునకు బయలుదేరినపుడు అది వారి వెంట నడచెను. మొదట ద్రౌపది పడిపోయెను; పిదప తమ్ములు నలుగురును ఒకరి తరువాత నొకరు పడిపోయిరి; కడపట ధర్మరాజును ఆ కుక్కయు మిగిలిరి. ఇంద్రుడు రథము తెచ్చి, ఎక్కుమనెను. కుక్కకు మాత్రము చోటు లేదనెను. ధర్మరాజు ఎక్కలేదు. ఈ ఘట్టమును తెనిగించిన తిక్కన సోమయాజి నెల్లూరి మనుమసిద్ధికి మంత్రి. కావున ఈ తీరమువారికి ఆ కుక్క పరాయిది కాదు. అయినను, పురాణమున ఆ కథ విని చేతులు జోడించిన మనుష్యుడే ఇంటికి పోవుదారిలో వీథికుక్కపై రాయి విసరును. పురాణము విని మెచ్చుకొనుట యొకటి. ఆ మాటను రాజ్యాంగమునకు లోబడిన చట్టముగా వ్రాయించి, పోలీసు ఠాణాలోను న్యాయస్థానములోను చెల్లునట్లు చేయుట మరియొకటి. ఈ రెంటికి నడుమ నున్న దూరమును నడచుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టిన యొక స్త్రీ చరిత్ర నేటి ప్రసంగవిషయము. ఆమె శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్.

ఆ పేరు వినగానే నాట్యము తలపునకు వచ్చును. కళాక్షేత్రము కన్నులయెదుట నిలుచును. అది సహజమే. కాని ఆమె పదియేండ్లు రాజ్యసభలో కూర్చుండెననియు, నేడు దేశమంతట పశువుల విషయమున అమలునందున్న చట్టమునకు మూలము ఆమె తెచ్చిన బిల్లేననియు ఎరిగినవారు తక్కువ. నాట్యమును గూర్చి చెప్పువారు పెక్కురు గలరు గనుక ఇచ్చట రెండవ సంగతియే విస్తరించి చెప్పబడును.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మధురలో జన్మించెను. నాలుగేండ్ల కొకసారి వచ్చు పుట్టినదినము. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రభుత్వ మరామతు శాఖలో ఇంజనీరు, దివ్యజ్ఞానసమాజపు సభ్యుడు. ఉద్యోగము చాలించిన పిమ్మట ఆయన కుటుంబముతో మదరాసు నందలి అడయారు చేరెను. అచ్చట అనిబిసెంటమ్మ నీడలో ఆ బాలిక పెరిగెను. 1920లో జార్జి సిడ్నీ అరండేల్ అను ఆంగ్లేయుని పెండ్లాడుటతో మదరాసు పెద్దకుటుంబములలో పెద్ద కలకలము పుట్టెను. ఆ కలకలము ఆమెకు కొంత మేలే చేసెననవచ్చును. పదిమంది యేమందురో అను భయము పదునారవ యేటనే వదలిపోయెను. తరువాతి కాలమున పార్లమెంటులో కోతులను గూర్చి, కసాయిశాలలను గూర్చి మాటలాడుటకు అట్టి నిర్భయత కావలసివచ్చెను.

నాట్యమునకు వచ్చుట ఆలస్యముగనే జరిగినది. 1928లో రష్యా నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయమయ్యెను. పిదప మైలాపూరు గౌరి అమ్మ వద్దను, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళె వద్దను సదిరు నేర్చి, 1935లో అడయారులో ప్రదర్శించెను. దేవదాసీల కళ అని మేలిజాతులవారు తలుపులు మూసికొన్న దినములవి. 1936 జనవరిలో కళాక్షేత్రము వెలసెను. ఆ విద్యలో తెలుగుపాలు తక్కువ కాదు. క్షేత్రయ్య పదములు లేక ఆ నాట్యము పూర్తి కాదు, మేలట్టూరు భాగవతమేళమువారి తెలుగు నాటకములను కళాక్షేత్రము తన రంగస్థలమునకు తెచ్చినది. ఇంతటితో నాట్యమును విడుచుట మంచిది.

1952 నాటికి దేశమునకు నూతన రాజ్యాంగము వచ్చియుండెను. రాజ్యసభలో పండ్రెండు స్థానములు సాహిత్యము, విజ్ఞానము, కళలు, సంఘసేవ అను రంగములలో ప్రత్యేకానుభవము గలవారికై విడువబడినవి. వారిని ప్రజలు గాని శాసనసభలు గాని ఎన్నుకొనవు, రాష్ట్రపతి నియమించును. ఆ తొలి పండ్రెండుగురి పట్టిక చదువుటయే ఒక వేడుక. భౌతికశాస్త్రజ్ఞుడు సత్యేంద్రనాథ బోసు, తరువాత రాష్ట్రపతి కాబోవు జాకీర్ హుస్సేను, హిందీకవి మైథిలీశరణ గుప్తు, నటుడు పృథ్వీరాజ్ కపూరు అందున్నారు. అందులోనే అల్లాడి కృష్ణస్వామి అయ్యరు కూడ కలడు. ఆయన 1883లో ఈ నెల్లూరు జిల్లా పుదూరున ఒక పేదపురోహితుని యింట పుట్టి, మదరాసున న్యాయవాదులలో అగ్రగణ్యుడై, రాజ్యాంగపు ముసాయిదా సంఘమున సభ్యుడైనవాడు. పండ్రెండుగురిలో స్త్రీ యొక్కతెయే, ఆమె రుక్మిణీదేవి. అప్పటికి నెల్లూరు ఇంకను మదరాసు రాష్ట్రమునకు చెందియుండెను. ఏడాదిన్నర గడచునప్పటికి, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రమేర్పడి జిల్లా ఇటు వచ్చినది; అది జరిగిన రెండు దినములకే అల్లాడివారు గతించిరి.

నియమింపబడిన సభ్యునికి గౌరవము కలదు గాని బలము లేదు. వెనుక పార్టీ లేదు, ఓటర్లు లేరు, మంత్రిపదవి వచ్చు ఆశ లేదు. అట్టివారు సాధారణముగ సభాలంకారముగ నుందురు. రుక్మిణీదేవి అట్లు ఊరకుండలేదు. ఓటర్లు లేనివారి పక్షమున మాటలాడుటకు ఓటర్లు లేని సభ్యురాలు తగినదని ఆమె భావించెనో యేమో గాని, చేతనున్న ఒక్క ఆయుధమును తీసెను. అది అనధికార బిల్లు. మంత్రి కానివారు తెచ్చు బిల్లునకు ఆ పేరు. అట్టి బిల్లులు వందలు వచ్చును. చట్టమైనవి వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఆమె 1953లో తెచ్చిన బిల్లు పేరు జంతుహింసా నివారణ బిల్లు. అంతకుముందు చట్టమే లేదా అందురేమో. కలదు, 1890లో తెల్లవారి ప్రభుత్వము చేసినది. దానిని ఒకసారి విప్పి చూడవలెను. అందు జంతువనగా పెంపుడు జంతువు, లేదా పట్టి బంధించిన జంతువు. హింస యనగా వీథిలోనో, జనులు వచ్చిపోవు చోటనో, వీథిలోని వారికి కనబడునట్లో చేసిన హింస. అనగా ఎద్దును నడివీథిలో కొట్టిన తప్పు. పెరటిగోడ చాటున, ఎవ్వరి కంటను పడకుండ కొట్టిన, ఆ నిబంధన దరి చేరదు. ఆ చట్టము చూపువాని కంటికి నొప్పి కలుగకుండ చూచెనే గాని, ఎద్దు వీపునకు కలిగిన నొప్పిని లెక్కింపలేదు. అరువదియేండ్లుగ దేశము ఆ చట్టముతోనే సరిపెట్టుకొనుచుండెను.

1954లో ఆమె బిల్లుపై రాజ్యసభలో చర్చ జరిగెను. వధశాలలలోను, ప్రయోగశాలలలోను, రవాణా బండ్లలోను జరుగు హింసను ఆమె విప్పి చెప్పెను. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయముగ లేచి మాటలాడెను. బిల్లు వెనుకనున్న భావమున కాయన సానుభూతి చూపెను. కాని విషయము పెద్దది, శాస్త్రప్రయోగముల వంటి చిక్కులున్నవి, ప్రభుత్వము ఒక సమితిని వేసి పూర్తిగా విచారించి తానే సమగ్రమైన బిల్లు తెచ్చునని మాట యిచ్చెను. ఆ మాటపై రుక్మిణీదేవి తన బిల్లును ఉపసంహరించుకొనెను.

ఇచ్చట కొంత నిలువవలసియున్నది. ఆమె రాజకీయ జీవితమంతయు ఈ ఒక్క మలుపున నున్నది. ప్రభుత్వము సమితి వేసెదమనుట యెట్టిదో గ్రామములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ పూడిక తీయింపుమని అర్జీ పెట్టినచో, విచారించెదమను జవాబు వచ్చును. ఆ విచారణ ముగియునాటికి కాలువలో తుమ్మచెట్లు మొలచును. కావున ఆమె మోసపోయెనని ఆనాడు తలచినవారుండవచ్చును. బిల్లును ఓటునకు పెట్టి ఓడియుండినచో పత్రికలలో పేరు వచ్చియుండును. పట్టుదల గలదన్న కీర్తి దక్కును. దానివలన ఎద్దుమెడ మీది పుండు మానదు. ప్రభుత్వము కాదన్న బిల్లు ఆ సభలో నెగ్గదని ఆమెకు తెలియును. నెగ్గని బిల్లును పట్టుకొని వ్రేలాడుటకంటె ప్రధాని నోట సభలో వచ్చిన మాటను పట్టుకొనుట మేలని ఆమె లెక్క వేసికొనెను. ఆ లెక్క సరియైనదే. ఐతే ఆ లెక్కకు వడ్డీ కూడ పడినది. అది తరువాత తెలియును.

ఆరేడేండ్లు గడచినవి. 1956లో రాష్ట్రపతి ఆమెను రెండవసారి నియమించెను. ఆ యేడే పద్మభూషణము వచ్చెను. అంతర్జాతీయ శాకాహార సంఘమున ఆమె ఉపాధ్యక్షురాలు. 1957లో ఆ సంఘపు ప్రపంచ మహాసభ భారతదేశమున జరిగెను. ఈలోగా లోకము ముందునకు ఒక బాధాకరమైన ప్రశ్న వచ్చినది. పోలియో వ్యాధికి అమెరికాలో సాల్కు అను వైద్యశాస్త్రజ్ఞుడు టీకా కనిపెట్టెను. దానిని తయారు చేయుటకు కోతుల మూత్రపిండములలోని కణములు కావలసివచ్చెను. ఉత్తరదేశపు రీసస్ జాతి కోతులు వేలకు వేలు పెట్టెలలో విమానముల మీద పోవనారంభించినవి. 1955లో లండను విమానాశ్రయమున మూసిన బండిలో ఊపిరాడక వందలకొలది కోతులు ఒక్కసారిగ చచ్చినవి. భారతప్రభుత్వము కొంతకాలము ఎగుమతి నిలిపి, మరల కొన్ని షరతులతో సాగనిచ్చెను.

ఈ విషయమున ఆవేశముతో ఒక పక్షమున నిలుచుట సులభము. కాని కాళ్ళు చచ్చుబడిన బిడ్డను ఎత్తుకొని వైద్యుని గుమ్మము వద్ద కూర్చున్న తల్లిని చూచినవారు, ఆ టీకా అక్కరలేదని చెప్పలేరు. సేతువు కట్టిన వానరుల కథ విని పెరిగినవారు, ఆ పెట్టెల సంగతి విని ఊరకుండలేరు. ధర్మసూక్ష్మమనగా ఇట్టిదే. రుక్మిణీదేవి మట్టుకు జంతువులపై ప్రయోగమునకే విరోధి. కాని చట్టము ఆమె కోరినంత దూరము పోలేదు.

1960లో ప్రభుత్వము తెచ్చిన బిల్లు ఉభయసభలలో నెగ్గి, డిసెంబరు 26న రాష్ట్రపతి ఆమోదము పొంది, ఆ యేటి 59వ చట్టమయ్యెను. నెహ్రూ ఇచ్చిన మాట నిలిచినది. ఈ చట్టమున జంతువనగా మనుష్యుడు తప్ప తక్కిన ప్రాణి యేదైనను. 1890 నాటి నిర్వచనముతో పోల్చినచో ఇది ఆకాశము. ఎద్దు, ఏనుగు, కాకి, కోడి, వలలో చేప, బోయవాని బుట్టలో పాము, అన్నియు అందు చేరినవి. గోడచాటు మాట పోయినది. ఎచ్చట హింసించినను తప్పే.

ఆ చట్టపు 11వ విభాగమును పల్లెవారు చదువుకొనదగును. దూరపు సంగతు లేవియు అందు లేవు, గడపలోని సంగతులే. అవసరము లేకయే కొట్టుట, తన్నుట, మితిమించి తోలుట, మితిమించిన బరువు వేయుట. ముసలిదనముచేతనో, వ్యాధిచేతనో, పుండుచేతనో పనికి తగని పశువును కాడికి కట్టుట. కదలుటకు వీలులేనంత పొట్టిత్రాటితో దీర్ఘకాలము కట్టియుంచుట. తన పశువునకు మేత, నీరు, నీడ చాలినంత ఇయ్యకుండుట. ఆకలిదప్పులకు గురియగునట్లు దానిని విడిచిపెట్టుట. వినోదమునకై ఒక జంతువును మరియొక జంతువుపై పోరునకు ఉసికొల్పుట. సంక్రాంతికి కత్తులు కట్టి పుంజులను దింపువారు ఈ చివరిమాటను గమనింపవలెను. పల్నాటిలో నాగమ్మ బ్రహ్మనాయుల నడుమ నడచిన కోడిపోరు ఎంతటి రక్తపాతమునకు దారితీసెనో శ్రీనాథుని పేర వెలసిన వీరచరిత్ర చెప్పుచున్నది. ఐనను కోస్తాజిల్లాలలో ఆ వేడుక మానలేదు. 1974లో ఆంధ్రప్రదేశపు జూదనిషేధచట్టము వచ్చిన తరువాతను మానలేదు.

పాలు చేపుటకై పశువు శరీరమున గాలి యూదించు ఫూకా అను క్రూరపద్ధతికి వేరుగ ఒక విభాగము కలదు. పట్టణములలో పాలవ్యాపారులు కొందరు దూడ చచ్చిన పశువును ఇట్లు పీడించెడివారు. దానికి మాత్రము చట్టము గట్టి శిక్ష నిర్ణయించెను. 1000 రూపాయల వరకు జరిమానా, రెండేండ్ల వరకు ఖైదు.

తక్కిన తప్పులకో? మొదటి తప్పునకు జరిమానా గరిష్ఠము 50 రూపాయలు. మూడేండ్లలో మరల చేసినచో 100 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు ఖైదు. 1960లో 50 రూపాయలనగా కూలివాని పెక్కుదినముల కష్టము. నేడు పట్టణమున ఇద్దరి ఫలహారమునకు చాలదు. లెక్కలు వ్రాయువారెవరైనను అడుగు ప్రశ్న యిది: అంకెను చట్టములో స్థిరముగ వ్రాసి, రూపాయి విలువను గాలికి వదలిన, ఆ శిక్ష యెన్నాళ్ళుండును?

ముందు చెప్పిన వడ్డీ యిదే. ప్రభుత్వపు బిల్లు గనుక ప్రభుత్వపు జంకులన్నియు అందు చేరినవి. 14వ విభాగము శాస్త్రజ్ఞానమునకై, ప్రాణరక్షణకై జంతువులపై ప్రయోగము చేయుట చట్టవిరుద్ధము కాదని చెప్పెను. దానిపై పర్యవేక్షణకు ఒక సమితిని వేయుటకు మాత్రము 15వ విభాగము వీలిచ్చెను. 28వ విభాగము, ఏ మతమువారైనను తమ మతము విధించు రీతిని జంతువును చంపినచో నేరము కాదనెను. ఆహారమునకై చంపుటయు, అనవసరమైన బాధ లేనంతవరకు, నేరము కాదు. కొమ్ములు తీయుట, వట్టలు కొట్టించుట, వాతలు వేయుట, ముక్కుత్రాడు పొడుచుట విధించిన పద్ధతిని చేసినచో విడిచిపెట్టెను. ఇందు కొన్ని విడువక తీరనివి. సేద్యము చేయువాడు ముక్కుత్రాడు లేక కోడెను లొంగదీయలేడు. సముద్రముపై బ్రదుకు పట్టపువారిని చేప చంపవలదనుట అన్నము మానుమనుటయే. రుక్మిణీదేవి శాకాహారవ్రతము తనకు తాను పట్టినది. దానిని చట్టముగ ఇతరుల కంచములలో వడ్డింపలేదు.

మతబలుల విషయమున ఒక చిత్రము కలదు. కేంద్రచట్టము వానిని విడిచెను గాని, అంతకు పదియేండ్లు ముందే, 1950లో, మదరాసు రాష్ట్రము దేవాలయముల యొద్ద జంతుపక్షిబలులను నిషేధించుచు వేరుగ చట్టము చేసియుండెను. అప్పుడు నెల్లూరు ఆ రాష్ట్రములోనిదే గనుక ఆ చట్టము ఈ తీరమునకు వర్తించెను. ఆంధ్రప్రదేశమునకును వారసత్వముగ వచ్చెను. అమ్మవారి జాతరకు దున్నను తోలుకొనిపోవువానికి ఈ సంగతి చెప్పినవారు అరుదు.

చట్టమైన పిమ్మట 1962లో ఆమె రాజ్యసభ సభ్యత్వము ముగిసెను. సాధారణముగ రాజకీయజీవితమనగా అచ్చటితో ఆగును. ఆమె విషయమున అసలుపని అప్పుడే మొదలయ్యెను. చట్టపు 4వ విభాగము క్రింద అదే 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడెను. దానికి ఆమె తొలి అధ్యక్షురాలు. కార్యాలయము మదరాసున. ఆ పదవిలో ఆమె కడపటి శ్వాస వరకు, ఇరువదినాలుగేండ్లు, ఉండెను. అందు మెరుపులేమియు లేవు. సలహాలు వ్రాయుట, నియమములకు ముసాయిదాలు చూచుట, ఊరూరి జీవకారుణ్యసంఘములకు చేయూత నిచ్చుట. ప్రభుత్వమునకు సలహా యిచ్చు మండలియే గాని ఆజ్ఞాపించునది కాదు. పేరు సంపాదించుకొనగోరువారు అట్టి కుర్చీలో రెండేండ్లకంటె నిలువరు.

ఆ చట్టము క్రింద వచ్చిన నియమములలో 1965 నాటి బరువులాగు పశువుల నియమములు ఈ తీరమువారికి మిక్కిలి దగ్గరివి. బండికి గాలిచక్రములున్నవా, ఇనుపపట్టాలా అనుదానిని బట్టి, ఎద్దు చిన్నదా పెద్దదా అనుదానిని బట్టి ఎంత బరువు వేయవచ్చునో అందు పట్టిక కలదు. దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. విరామము లేక అయిదు గంటలకు మించి తోలరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు చోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వరకు బండి కట్టరాదు. రోహిణికార్తెలో నెల్లూరుసీమ ఎండ ఎరిగినవారికి ఈ అంకె అర్థమగును. సరుగుడు కట్టెలు వేసికొని, ఇరుసు వరకు ఇసుకలో దిగబడు సముద్రపుదారిని నడచిన జోడెద్దుల నురుగు చూచినవారికి మరింత అర్థమగును.

ఇచ్చట ఒక ఆక్షేపణ న్యాయమైనది కలదు. ఈ నియమములు ఎవరిని పట్టును? చర్నాకోల చేతబట్టిన బండివానిని. అతడు మిట్టమధ్యాహ్నము బండి కట్టునది సరదాకు కాదు. సందెకు సరకు చేర్చకున్న కిరాయి రాదు, కిరాయి రాకున్న పొయ్యి వెలుగదు. సరకుయజమాని నీడలో నుండును. ఎండలో నున్న ఇద్దరిలో ఒకడు ఎద్దు, ఒకడు బండివాడు. పోలీసు చేయి దగ్గరగ నున్నవానిమీదనే పడును. ప్రయోగశాల తలుపు వద్దకు, సర్కసు డేరా వద్దకు ఆ చేయి పోవుట అరుదు. ఈ దోషము చట్టము వ్రాసినవారిది కొంత, అమలు చేయువారిది హెచ్చు. రుక్మిణీదేవి శ్రమను మెచ్చువారు దీనిని కూడ ఒప్పుకొనవలెను.

మరల కథకు వచ్చుదము. 1977 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు మరణించెను. మార్చిలో జనతాప్రభుత్వము వచ్చి మొరార్జీ దేశాయి ప్రధాని యయ్యెను. ఆయన రాష్ట్రపతిపదవికి నిలువుమని రుక్మిణీదేవిని అడిగెను. ఒప్పుకొనియున్నచో ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ ఆమెయే యగునేమో. ఆమె అంగీకరింపలేదు. పిదప ఆ పీఠమును తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవముగ అధిష్ఠించుట అందరు నెరిగినదే. ఎరుగనిది దాని ముందటి సంగతి. కళాక్షేత్రపు మట్టినేల, జంతుసంక్షేమ మండలి దస్త్రములు, ఇవియే ఆమెకు చాలినవి.

అదే మొరార్జీ ప్రభుత్వము రీసస్ కోతుల ఎగుమతిని 1978 ఏప్రిలు మొదలుకొని పూర్తిగ నిషేధించెను. జీవకారుణ్యవాదులు రెండు దశాబ్దములకు పైగా అడుగుచుండినది అది. అప్పటికి పోలియో టీకాకు వేరు మార్గములు కూడ దొరకుచుండుట వలన ఆ తల్లి బిడ్డల ప్రశ్న కొంత సడలియుండెననుట కూడ న్యాయము.

రాజ్యాంగమున 1976లో చేర్చిన పౌరధర్మములలో ప్రాణులయెడ దయ కలిగియుండుట ఒకటి. ఆ యేటనే, అప్పటికి ఈ జిల్లాలో నుండిన నేలపట్టు చెరువు పక్షిసంరక్షణ కేంద్రమయ్యెను. అచ్చటి పల్లెవారు ఏ చట్టమును చూడకయే, కడపచెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులను తరతరములుగ కాపాడుచు వచ్చిరి. పక్షుల రెట్టలు పడిన చెరువునీరు పైరుకు ఎరువను లెక్క కూడ అందు కలదు. దయయు లాభమును ఒక్క చెరువులో కలిసిన చోట పోలీసు అక్కరలేదు. ఇందుకు విపరీతము మరియొకటి: ఈ జిల్లా పేరు పెట్టుకొని సముద్రము దాటిన ఒంగోలుజాతి పశువు బ్రెజిలు దేశమున నెలోరె అను పేరుతో విస్తరించి, నేడు అచ్చటి మాంసపు మందలలో పెద్దపాలు దానిదే యైనది. ఇచ్చట కనుమనాడు పసుపు కుంకుమలు, అచ్చట కసాయికత్తి.

రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న మదరాసున గతించెను. ఆ చట్టము మాత్రము సుప్రీంకోర్టులో మరల మరల పైకి వచ్చుచున్నది. 2014 మే నెలలో జల్లికట్టు, ఎడ్లబండ్ల పందెములు ఆ చట్టమునకు విరుద్ధములని కోర్టు తీర్పు చెప్పెను. రాష్ట్రములు చట్టమును సవరించుకొనినవి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణలు చెల్లునని తీర్పిచ్చెను. ఆమె యుండినచో ఏమనియుండునో ఊహింప పనిలేదు.

ఆమె పెంచిన జంతుసంక్షేమ మండలి కార్యాలయము 2018లో చెన్నపట్టణము విడిచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు తరలిపోయెను. 2022లో కేంద్రప్రభుత్వము శిక్షలు పెంచుటకై సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయమునకు ప్రకటించెను. ఆనాటికి 11వ విభాగములో, 1960లో వ్రాసినట్లే, మొదటి తప్పునకు గరిష్ఠపు జరిమానా 50 రూపాయలే యుండెను.